పెనుకొండలో కొలువు, లేపాక్షిలో పని

ఉద్యోగం వదలకుండా పక్కన కాంట్రాక్టు పనులు పట్టేవాళ్లు మన హిందూపురం చుట్టుపక్కల ఎందరో. వాళ్లందరికీ పెద్దాయన విరూపణ్ణ. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారి అని ప్రతీతి. కొలువు అక్కడ, తమ్ముడు వీరణ్ణతో కలిసి తలకెత్తుకున్న పని ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దక్షిణాన, లేపాక్షిలో. 1530ల నాటి వీరభద్రాలయం అది.

విరూపణ్ణ ఉలి పట్టిన మనిషి కాదు. ఆయన పనితనమంతా చేయించడంలో ఉంది. కూర్మశైలమనే ఆ గుట్టను చదును చేయించకుండా, బండ ఎలా ఉంటే అలా దాని మీదే గుడి లేపించాడు. గుడి వెనక ఏడు పడగల నాగేంద్రుణ్ణి, వంట ఆలస్యమైతే అన్నం ఉడికేలోగా శిల్పులు చెక్కేశారని స్థలకథ. కథే కావచ్చు, కానీ పనివాళ్లు ఖాళీగా కూర్చోలేని ఆ ఊపు గుడి అంతటా కనిపిస్తుంది.

కల్యాణమండపం చూడండి. కప్పు పడనే లేదు, స్తంభాల మీద పెళ్లికొచ్చిన దేవతలూ ఋషులూ మాత్రం నగలతో సహా సిద్ధంగా నిలబడ్డారు. కప్పు పడేదాకా చెక్కడానికి ఆగలేదన్నమాట. ఖజానా సొమ్ము వాడాడన్న నింద రావడంతో పని నిలిచిందనీ, విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడనీ జనం చెబుతారు.

వచ్చినవాళ్లు చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి వెళ్లిపోతారు. నేనైతే తల పైకెత్తమంటాను. కప్పు మీది చిత్రాల్లో నల్లటి గీత ఎక్కడా తడబడదు. పార్వతీ కల్యాణంలో ఆడవాళ్ల చీరలు గళ్లు, చారలు, పువ్వులు, ఒకదానికొకటి పోలిక ఉండదు. పొడుగాటి కుళ్లాయిలతో అన్నదమ్ములూ కప్పు చిత్రాల్లోనే ఉన్నారు, విభూతి అందుకుంటూ. చేయించినవాళ్లు తమ బొమ్మకూ దేవతల బొమ్మలకిచ్చినంత శ్రద్ధే పెట్టించారు, అంతకుమించి కాదు. నాకు బాగా నచ్చిందిదే.

లతామండపం స్తంభాల మీద తీగలు, హంసలు, చిలకలు నిలువు పట్టీలుగా ఉంటాయి. ఒక్కో పలకలో ఒక్కో నమూనా. ధర్మవరం పట్టుచీరల అంచులకు ఇవి ఇప్పటికీ పనికొస్తున్నాయి. డిజైనరు ఒక పలకను గ్రాఫు కాగితం మీదికి దించుతాడు, ఆ గళ్లను బట్టి జకార్డు అట్టలకు చిల్లులు పడతాయి, ఆ చిల్లుల ప్రకారం పడుగు పోగులు లేస్తాయి, వాటి సందున జరీ సాగుతుంది.