తెరచాప ఎత్తని పినిసీ ఒక పినిసేనా?

సరంగు ఇంజను ఆపిన క్షణం ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇండోనేషియాలోని లబువాన్ బాజో రేవు వదిలి రెండు గంటలైంది. పాదర్ దీవి వైపు గాలి అందుకోగానే తాళ్లు బిగిశాయి, కొయ్య కిర్రుమంది, చాప నిండింది. ఆ తర్వాత మూడు రోజులు నిద్ర, నీళ్లు, నీడ. కొమోడో తీరాన కాసేపు దిగడం, గులాబీ రంగు ఇసుక మీద నడవడం, మళ్లీ ఓడెక్కి వెల్లకిలా పడుకోవడం. అంతటి విశ్రాంతి నేను ఏ హోటల్లోనూ ఎరగను.

ఆ సుఖం ఇచ్చింది పినిసి. దక్షిణ సులావెసీలోని బులుకుంబా తీరాన తానా బేరు, అరా, బీరా ఊళ్ల కొంజో వాళ్లు కట్టే రెండు స్తంభాల కొయ్య ఓడ. పూర్వం సవెరిగాదింగ్ అనే వీరుడి ఓడ బద్దలై, దాని ముక్కలు ఈ ఊళ్లకు కొట్టుకొచ్చాయట. పలకలు దొరికిన అరా వాళ్లకు ఓడలు కట్టడం, తాళ్లూ చాపలూ దొరికిన బీరా వాళ్లకు నడపడం అబ్బాయట. చాపల అమరిక మాత్రం 19వ శతాబ్దంలో ఐరోపా స్కూనర్లను చూసి తెచ్చుకున్నదే. చరిత్ర అలా ఉంచి, పనితనం చూడండి.

అక్కడి ఓడ మేస్త్రీని పన్రితా లోపి అంటారు. ఆయన చేతిలో నక్షా కాగితం ఉండదు. చాలాచోట్ల ముందు పక్కటెముకలు నిలబెట్టి వాటికి పలకలు బిగిస్తారు కదా, ఇక్కడ అంతా తిరగేసి. ముందు పలక అంచు మీద పలక పేర్చి, కొయ్యమేకులు దిగ్గొట్టి, ఓడ కడుపు తయారయ్యాకే లోపల ఎముకలు అమరుస్తారు. వంపు ఎక్కడ మొదలవ్వాలో, ఎంత ఉబ్బాలో ఆయన కంటికే తెలుసు. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన ఉలిన్ కలప వాడతారు. సందుల్లో చెట్టు బెరడు కూరతారు. తడికి మేకు ఉబ్బి పలకను ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఎంత తెలివి!

అడుగు దూలం రెండు కొసలూ కోసే రోజు పండగే. రంపం మధ్యలో ఆగకూడదు. ముందు కొస ముక్కను సముద్రంలో వేస్తారు, అది కడలి మీదికి వెళ్లే మగవాడు. వెనక ముక్కను ఇంట్లో దాస్తారు, అది ఎదురుచూసే ఇల్లాలు.

ఇక చాపలు ఏడు. ముక్కున మూడు, రెండు స్తంభాలకూ పెద్దవి రెండు, వాటి నెత్తిన మరో రెండు. పెద్ద చాప పైవాసాన్ని కిందికి దింపరు. కిటికీ తెర లాగినట్టు చాపను స్తంభం వైపు లాగి మూసేస్తారు. ఇలాంటి ఓడే, పినిసి నుసాంతారా, 1986లో జకార్తా నుంచి పసిఫిక్ దాటి వాంకూవర్ చేరింది. ఈ తీరపు పాత తరహా ఓడ హతి మారెగె 1987-88లో ఇంజనే లేకుండా ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి వెళ్లింది. అదిప్పుడు డార్విన్ మ్యూజియంలో ఉంది. 2017లో యునెస్కో ఈ ఓడలు కట్టే కళను మానవాళి వారసత్వంగా గుర్తించింది.

మరి రేవులో జరుగుతున్నదేమిటి? 1970ల నుంచి ఇంజన్లు వచ్చి సరుకు ఓడల చాపలను మింగేశాయి. సరే, బతుకుతెరువు అనుకుందాం. కానీ విహారం పేరుతో వస్తున్నవాళ్లకు ఏం తొందర? నా రెండో ప్రయాణంలో ఎక్కిన ఓడ మీద మూడంతస్తుల గదులు. చాపలు పది నిమిషాలు ఎత్తారు, అదీ డ్రోన్ ఫోటో కోసం. రాత్రంతా జనరేటర్ మోత. సాయంత్రం కలోంగ్ దీవి నుంచి వేల గబ్బిలాలు లేస్తుంటే ఆ రెక్కల చప్పుడు కూడా వినపడలేదు. దాన్నీ పినిసి అని అమ్ముతున్నారంటే నా కడుపు రగిలిపోయింది. ఆ మేస్త్రీ కన్ను, ఆ బెరడు కూరిన వేళ్లు గది అద్దె పెంచుకోవడానికా?

కోరంగి రేవులో సముద్రపు ఓడలు కట్టిన మన వడ్రంగుల వైభవం ఎంత తొందరగా మరిచామో తలుచుకుంటే, ఇది పరాయి దేశపు గొడవలే అని ఊరుకోలేకపోతున్నాను.

వెళ్లండి, తప్పక వెళ్లండి. మే నుంచి సెప్టెంబర్ దాకా అక్కడ ఆగ్నేయపు గాలి బాగా వీస్తుంది. ఏసీ గదుల సంగతి తర్వాత అడగండి. ఏడు చాపలూ ఉన్నాయా, వాటిని ఎత్తడం తెలిసిన మనుషులు ఓడలో ఎందరు, రోజుకు ఎన్ని గంటలు ఇంజను ఆపుతారు? అడ్వాన్సు కట్టేముందు ఇవి అడగండి. జవాబు తడబడితే మరో ఓడ చూసుకోండి.