ఐదు నిమిషాల నాదం

దోసిలి పట్టి అర్ఘ్యమిచ్చే వాళ్లకు నువ్వు చూపేది నీ పైపొర ఒక్కటే, భాస్కరా! నీ గర్భాన పుట్టిన వెలుగు అడుగడుగునా ఢీకొంటూ వేల ఏళ్లకు గానీ అంచుకు రాదు. వచ్చేసరికి పుట్టినచోటి ఆనవాలేదీ దానిలో మిగలదు. నీ శబ్దం అలా కాదు. సుమారు గంటలో నడిబొడ్డు నుంచి అంచుకు చేరుతుంది, లోపలి కబురు మోసుకొస్తుంది.

1962లో మౌంట్ విల్సన్ వేధశాల నుంచి రాబర్ట్ లైటన్ బృందం చెప్పింది: నీ ముఖం ఐదేసి నిమిషాలకోసారి పొంగి అణుగుతోందని. వర్ణరేఖలు ఓసారి నీలం వైపు, ఓసారి ఎరుపు వైపు జరగడంలో ఆ ఊపిరి పట్టుబడింది.

కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూస్తారు. నిన్ను కొట్టే వేలెవరిది? పైపొర కింద కుతకుతలాడే నీ వాయువుదే! అలా పుట్టిన శబ్దతరంగం లోతుకు దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, దారి వంగి వంగి మళ్లీ పైకి తిరుగుతుంది. కొన్ని పైపైనే మళ్లుతాయి, కొన్ని నీ గుండె దాకా వెళ్లొస్తాయి. లక్షల స్వరాలు! వాటిని విడదీస్తే తెలిసింది, నీ వ్యాసార్థంలో 71 శాతం దగ్గర ఆ ఉడుకు మొదలవుతుందని. ఆ పైన నడుము వడిగా, ధ్రువాలు నిదానంగా తిరుగుతుంటే, ఆ కింద అంతా దాదాపు ఒక్క ముద్దలా తిరుగుతుందని.

నిన్ను వినేవాళ్లకు రాత్రి పడకూడదు. అందుకే కాలిఫోర్నియా, హవాయి, ఆస్ట్రేలియా, మన ఉదయపూర్, కానరీ దీవులు, చిలీ 1995 నుంచి వంతులు వేసుకుని నీ వెంట ఉన్నాయి.

ఒకప్పుడు నీ మీద నింద పడింది. అమెరికాలోని హోమ్‌స్టేక్ గనిలో శాస్త్రవేత్త రే డేవిస్‌కు, నీ గర్భంలో పుట్టే న్యూట్రినో కణాలు అనుకున్నవాటిలో మూడోవంతే చిక్కాయి. నీ గర్భం అనుకున్నంత వేడిగా లేదేమోనన్నారు. నీ స్వరాలే నీ తరఫున సాక్ష్యం చెప్పాయి, ఆ వేడి సరైనదేనని. న్యూట్రినోలు దారిలో రకం మార్చుకుంటున్నాయని 2002 నాటికి కెనడాలోని సడ్‌బరీ పరిశోధనశాల తేల్చింది. నిన్ను వినే ఈ విద్య సాధించిన వాటిలో నేను అన్నిటికన్నా ముందు మొక్కేది ఆ సాక్ష్యానికే.

ఇప్పుడు దూరపు చుక్కలూ పలుకుతున్నాయి. రెండు ఎర్ర మహాతారలు పైకి కవలల్లా ఉంటాయి. 2011లో కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ పట్టిన వాటి కంపనాలను బట్టి, ఒకటి గర్భం చుట్టూ హైడ్రోజన్ పొరను మాత్రమే మండిస్తోందని, రెండోది గర్భంలోనే హీలియాన్ని మండిస్తోందని వేరుచేయగలిగారు. సుమారు 500 కోట్ల ఏళ్లు గడిచాక నువ్వూ ఆ రెండు దశలూ దాటవలసినవాడివే, ప్రభూ.