వరస చెప్పిన మాట

పాటల్లో స్త్రీ గొంతుని వెతికేటప్పుడు నేనెప్పుడూ మాటల్నే పట్టుకున్నాను. నా పిహెచ్‌డి అంతా అలాగే గడిచింది. మాటలు రాసింది మగవాడైతే అది స్త్రీ గొంతెలా అవుతుంది? ఈ కొలబద్దతోనే ‘విల్ యూ లవ్ మీ టుమారో’ని కూడా క్లాసులో పక్కన పెట్టేశాను.

1960లో షిరెల్స్ పాడిన పాట అది. మరుసటి ఏడాది బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి అమ్మాయిల బృందం ఆ స్థానానికి రావడం అదే మొదటిసారి. ఈ రాత్రి దగ్గరైనవాడు రేపు కూడా ప్రేమిస్తాడా అన్నది ఆ పాట అడిగే ప్రశ్న. మాటలు జెర్రీ గాఫిన్‌వి. వరస కట్టింది అతని భార్య కరోల్ కింగ్. అప్పటికామెకి 18 ఏళ్లు.

“మరి ఆవిడేం చెప్పింది మేడమ్?” అనడిగిందొక విద్యార్థిని. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు తనే కీబోర్డు తెచ్చి వాయించి చూపించింది.

పాట మధ్యలో వచ్చే బ్రిడ్జ్‌లో కార్డ్స్, అంటే ఒకేసారి పలికే స్వరాల కలయికలు, నడక మార్చుకుంటాయి. ఈ బ్రిడ్జ్ షడ్జమాన్ని వదిలి మధ్యమం మీద మొదలవుతుంది. మొదటి సగంలో ఉన్నది అతని హామీ, అదీ నోరు తెరిచి ఇవ్వనిది. కార్డ్స్ బుద్ధిగా షడ్జమానికి తిరిగొస్తాయి. రెండో సగంలో ఆమె భయం. అవే అడుగులతో బయల్దేరుతుంది గానీ ఇల్లు చేరదు. దారిలో ఆ మేళంలో లేని ప్రతిమధ్యమం తగులుతుంది. చివరికి పంచమం కార్డ్ మీద ఆగుతుంది. తర్వాతి చరణంలో షడ్జమం దొరుకుతుంది, కానీ ఆ చరణమూ ప్రశ్నతోనే ముగుస్తుంది.

బ్రిడ్జ్‌ని పంచమం మీద ఆపడం ఆ కాలపు పాటల్లో మామూలే కదా అనొచ్చు. నిజమే. ఆ మామూలు పద్ధతిని ఆమె ఏ మాట దగ్గర వాడుకుందో చూడాలి. గాఫిన్ హామీనీ భయాన్నీ పక్కపక్కన రాశాడు. దేన్ని నమ్మాలో వరస తేల్చింది. 1971లో ‘టాపెస్ట్రీ’లో కింగ్ ఈ పాటని తనే, బాగా నెమ్మదిగా పాడింది. అందులో ఆ సందేహం ఇంకా ఎక్కువసేపు నిలబడుతుంది.

ఇంటికొచ్చి నా సిద్ధాంత గ్రంథం తిరగేశాను. దంపుళ్ల పాటలు, లాలిపాటలు, అప్పగింతల పాటలు వందల పేజీలున్నాయి. వరస గురించి ఒక్క వాక్యం లేదు. ఏ మాట దగ్గర వాళ్ల గొంతు దారి మార్చిందో వినకుండానే, ఆ స్త్రీలు ఏమన్నారో నేను రాసేశాను. కొన్ని పాటల రికార్డింగులు ఇంకా నా దగ్గరున్నాయి. మళ్లీ మొదటినుంచీ వినాలి.