నల్ల ఆయిలుకు ఒక జల్లెడ

కరెంటు తీగ చేరని బావిగట్ల మీద, పిండిమరల్లో నిదానంగా కొట్టుకునే ఆయిలింజను చప్పుడు విన్నవాళ్లకు అది చెవుల్లోంచి పోదు. వాటిలో చాలావాటికి మూలం ఇంగ్లండులోని డర్స్‌లీ. అక్కడి లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన సి.ఎస్. ఇంజనును చూసి, అదే నమూనాలో రాజ్‌కోట్ కార్ఖానాలు తరాల తరబడి ఇంజన్లు పోశాయి. ఒకటే సిలిండరు, నాలుగున్నర అంగుళాల బోరు, రెండు బరువైన ఫ్లైవీళ్లు. అయిదు గుర్రాల ఇంజను నిమిషానికి తిరిగేది 600 చుట్లే.

దీని కందెన ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. కనెక్టింగ్ రాడ్డు అడుగున చెంచాలాంటి చిన్న కొమ్ము ఉంటుంది. చుట్టు చుట్టుకూ అది చాంబరులోని ఆయిల్లో మునిగి, పైకి చిమ్ముతుంది. అంటే గంటకు 36 వేల సార్లు. ఆ తుంపరే బేరింగులకూ సిలిండరు గోడకూ అందుతుంది. చెడిపోవడానికి అందులో ఏముంది గనక!

లోటు ఉన్నది ఆయిలు అందడంలో కాదు, దాని శుభ్రంలో. అరిగిన ఇనుప రజను, మసి, పోతపోసినప్పుడు మూలల్లో మిగిలిన ఇసుక, అన్నీ ఆ ఆయిల్లోనే తిరుగుతుంటాయి. కనెక్టింగ్ రాడ్డు కింది కొసన, క్రాంకు పిన్నును పట్టుకునే బిగ్ ఎండ్ బేరింగులో పోసే వైట్ మెటల్ మెత్తనిది. గట్టి రేణువు అందులో దిగబడి కూర్చుంటే, ఆకురాయిలా క్రాంకు పిన్నును గీస్తూనే ఉంటుంది. అందుకే పాతకాలపు మేస్త్రీలు డిటర్జెంటు లేని సాదా ఆయిలు పోసేవారు. మురికి అడుగున పేరుకుంటే తరచూ ఆయిలు మార్చి, చాంబరు తుడిచేవారు. ఫిల్టరు లేని ఇంజనుకు ఇప్పటికీ అదే సరైన పద్ధతి.

పంపు, ఫిల్టరు తగిలించాలనుకునేవాళ్లకు నా మాట ఒకటే: ఆ చెంచాను మాత్రం తీయకండి. ఈ క్రాంకు షాఫ్టులో ఆయిలు దారులు లేవు కనక ఒత్తిడితో బిగ్ ఎండుకు ఆయిలు పంపలేం. దారి కోసం షాఫ్టుకు రంధ్రం వేస్తే అది అక్కడే బలహీనపడుతుంది. పంపు పని ఆయిలును తోడి, ఫిల్టరులో వడగట్టి, మళ్లీ చాంబరులో పోయడమే. పంపు ఆగినా చెంచా ఇంజనును కాపాడుతుంది.

రెండు పళ్లచక్రాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని తిరిగే చిన్న గేరు పంపు ఇందుకు చాలు. దాన్ని క్యాంషాఫ్టు కొస నుంచి తిప్పవచ్చు, బెల్టుతో తిప్పవచ్చు. 12 వోల్టుల మోటారు పెట్టడం నాకు ఎక్కువ నచ్చుతుంది. ఇంజనును తిప్పకముందే ఆయిలు వడగట్టుకోవచ్చు, ఇంజను పోతకు రంధ్రాలు వేసే పని కూడా తగ్గుతుంది. పీల్చే గొట్టం లావుగా, పొట్టిగా ఉండాలి. దాని మూతికి జాలీ కట్టి, అడుగు మడ్డిని తాకకుండా కాస్త ఎత్తులో, అయినా ఎప్పుడూ ఆయిలు మట్టానికి కిందనే ఉండేలా బిగించాలి. గాలి పీలిస్తే పంపు పని చేయదు.

రిలీఫ్ వాల్వు దగ్గర పిసినారితనం వద్దు. గేరు పంపు ముందు దారి మూసుకుంటే ఒత్తిడి పెరుగుతూనే పోతుంది. చలికాలం ఉదయం ఆయిలు చిక్కగా ఉన్నప్పుడు హోసు పగిలేది అందుకే. ఒక గేజీ కూడా పెడితే ఫిల్టరు పూడుకుపోతున్న సంగతి ముందే తెలుస్తుంది. లారీలకు, ట్రాక్టర్లకు వాడే మామూలు మర ఫిల్టరు సరిపోతుంది. కొత్తది బిగించేముందు అందులో ఆయిలు నింపాలి. చాంబరు మట్టం మళ్లీ చూసి, తగ్గినంత పోయాలి. చెంచాకు అందే మట్టం తప్పితే ఈ కష్టమంతా వృథా.

ఫిల్టరు వచ్చాక డిటర్జెంటు ఆయిలు పోయవచ్చు. అది మసిని అడుగున పేరుకోనివ్వకుండా తనతో ఫిల్టరు దాకా మోసుకొస్తుంది. కానీ ఏళ్ల మడ్డి ఉన్న చాంబరులో నేరుగా పోస్తే ఆ మడ్డంతా ఒక్కసారిగా కదిలి బేరింగుల మీద పడుతుంది. ముందు మూలమూలా గీకి, డీజిల్‌తో కడిగి, గుడ్డతో తుడిచాకే పోయాలి.

మీ కొట్టంలో అలాంటి ఇంజను ఉంటే, పాత ఇనుము కింద కాటా వేయించే ముందు పక్కమూత విప్పి, వేళ్లతో ఆ అడుగు ఆయిలు ఒకసారి తీసి చూడండి.