కాకి చెరుకు ఎవరి లెక్కలో ఉంది?

బోధన్ పొలాల గట్లమీద, నిజాంసాగర్ కాలువల ఒడ్డున వానకాలం వెళ్ళంగనే తెల్లటి కుచ్చులతో పూసే రెల్లు గడ్డిని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. తెలుగులో దానికి ఇంకో పేరుంది. కాకి చెరుకు. మనిషి నాటనిదాన్ని, అంగట్లో అమ్ముడుపోనిదాన్ని మన భాష కాకి అంటది, పిచ్చి అంటది, అడవి అంటది. కలుపు అనే మాటా అట్లాంటిదే. ఏ మొక్కా కలుపుగా పుట్టదు. పొలం ఎవరిదో, పంట ఏదో తేలిన తర్వాతనే ఒకటి పంట అయితది, ఒకటి కలుపు అయితది.

అయితే ఈ కాకి చెరుకు లేకుంటే ఇయ్యాల మనం చూస్తున్న చెరుకే లేదు. 1912లో కోయంబత్తూరులో మొదలైన చెరుకు పరిశోధన కేంద్రంలో బార్బర్, వెంకటరామన్‌లు లావుపాటి తియ్య చెరుకును అడవి రెల్లుతో సంకరం చేసి 1918లో ‘కో 205’ రకాన్ని విడుదల చేశారు. తీపి ఒక దిక్కునుంచి వస్తే, మొండిగా తట్టుకునే శక్తి రెల్లునుంచి వచ్చింది. ఆ దారిలో పుట్టిన సంకర రకాలే తర్వాత దేశమంతా పరుచుకున్నాయి. పంటకు రక్తమిచ్చిన గడ్డి మాత్రం గట్టుమీదనే మిగిలిపోయింది. ఈ కథ మనకు కొత్తది కాదు.

ఇప్పుడు ఆ గట్లమీదికి కొత్త మనుషులు వస్తున్నారు. పట్టణాలనుంచి సెలవునాడు బయలుదేరి మొక్కను, సీతాకోకచిలుకను, పురుగును చూసి, ఫోటో తీసి, పేరు, చోటు, తేదీ రాసిపెట్టే ఔత్సాహికులు పెరిగారు. వాళ్ళలో టీచర్లున్నారు, విద్యార్థులున్నారు, ఉద్యోగులున్నారు. జీతం లేకుండా, ఇష్టంతో చేసే పని ఇది. దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎక్కడ ఏది ఉందో రాసి లేకపోతే, అది పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. నా పేచీ ఆ నోటుబుక్కులోని గడులతోనే. మొక్క పేరుకు గడి ఉంది, ఊరి పేరుకు గడి ఉంది, చూసినాయన పేరుకు గడి ఉంది. చూపించినామెకు గడి ఎక్కడుంది?

ఈ లోపం ఇయ్యాల్టిది కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి తెలుగు నేలమీది మొక్కలను లెక్కకెక్కించిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథం 1795-1820 మధ్య మూడు సంపుటాలుగా వచ్చింది. అందులో మూడు వందల పటాలున్నాయి. అవి ఈ దేశపు చిత్రకారులు వేసినవి. రాక్స్‌బర్గ్ పేరు ప్రపంచమంతా తెలుసు, ఆ చిత్రకారుల పేర్లు మనకు మిగలలేదు. ఆయన మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన సోమిడ మాను పేరు సోయ్‌మిడా అనే శాస్త్రీయ నామమై నిలబడింది. మాట మనది, ముద్ర ఇంకొకరిది. సోమిడ అని మొదట పలికిన నోరు ఏ వాడదో, ఏ గూడెందో ఎవరూ అడగలేదు.

పేరు పెట్టడమంటే ఒట్టి గుర్తు పెట్టడం కాదు. ఊరిమీద తిరిగి చచ్చినదాన్ని ఎత్తుకపోయే గద్దకు ఇంగ్లీషు పుస్తకాలు చాలాకాలం ‘పరయా గద్ద’ అని పేరు పెట్టాయి. సలీం అలీ 1941లో రాసిన భారతీయ పక్షుల పుస్తకంలోనూ అదే పేరు. ఒక కులం పేరును తిట్టుగా మార్చి పక్షి మెడకు కట్టినప్పుడు ఆ పక్షిశాస్త్రం ఎవరి ఇంట్లో కూచొని మాట్లాడుతున్నట్టు?

పురుగుల శాస్త్రం ఇంకొక అడుగు ముందుకు పోయింది. చీమల్లో, చెదల్లో, తేనెటీగల్లో రాణి, కూలి, సిపాయి అనే తేడాలను ఇంగ్లీషులో ‘క్యాస్ట్’ అనే అంటారు. ప్రకృతిలోనే కులం ఉంది అనేవాళ్ళకు ఇది మంచి ఆసరా. కానీ తేనెతుట్టెను చూసినోళ్ళకు తెలుసు. రాణి అయ్యే పిల్ల, కూలి అయ్యే పిల్ల పుట్టేది ఒకే తీరు గుడ్డులోంచి. పెట్టిన తిండితో తేడా వస్తది, పుట్టుకతో కాదు. కులమంటే పని విభజన కాదని, పనిచేసేవాళ్ళనే విడగొట్టి మెట్లు కట్టడమని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో తేల్చారు. తేనెటీగను సాక్ష్యానికి పిలిస్తే అది కులం తరఫున చెప్పదు.

ఇక కలుపు తీసే ఆడోళ్ళ దగ్గరికి వద్దాం. చెరుకు మడిలో వంగి నడిచే మనిషికి తెలిసినంతగా ఆ నేల ఇంకెవరికి తెలుసు? దొగ్గలికూర, చెంచలికూర, ఎన్నాద్రి, గంగవాయిలి, పొనగంటి, గునుగు. కలుపు తీసుకుంటనే ఒడి నింపుకుంటది. పంట ఆసామిది, కలుపు కూలిదానిది. పీక పురుగు పట్టిన పిలకను ఆమె చెయ్యే పసిగడతది. మొవ్వు ఎండి ఉంటది, పట్టి గుంజితే ఊడివస్తది, కుళ్ళు వాసనొస్తది. ఇది పరిశీలన కాదా? తేదీ వేయకపోయినా కార్తె చెప్తది. చోటు రాయకపోయినా ఏ గట్టుకింద ఏ కూర దొరుకుతదో చెప్తది. నోటుబుక్కు ఉన్నాయనది ప్రకృతి పరిశీలన, ఒడి కట్టుకున్నామెది కూలిపని. ఈ తేడా పెట్టింది శాస్త్రం కాదు, కులం.

అందుకే రక్షణ అనే మాట దగ్గర కూడా ఆగి అడగాలె. ఎవరినుంచి రక్షణ? కంచె వేసి బోర్డు పెడితే మొదట ఆగిపోయేది ఒడి కట్టుకున్నామెనే. అసలు దెబ్బ ఎక్కడినుంచి వచ్చిందో బోధన్ నేలనే చెప్తది. 1931కి నిజాంసాగర్ పూర్తయ్యింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది, మెట్ట మాగాణి అయ్యి ఒక్క పంటే మైళ్ళకొద్దీ పరుచుకుంది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతబడ్డది. చెరుకు తగ్గి వరి, సోయా పెరిగాయి. పంట మారింది గానీ గడ్డిమందు పోలేదు. గడ్డిమందు కొట్టిన నాడు కూర పోయింది, కూలీ పోయింది. గునుగు బతుకమ్మలోకి ఎక్కి పండుగ పువ్వయింది. దళిత ఆడోళ్ళు బతుకమ్మను వేరేగా ఆడుకోవాల్సి వచ్చిన ఊళ్ళు ఎన్నో. పువ్వును నెత్తికెత్తుకొని, ఆ పువ్వు మొలిచే నేలకు మందు కొట్టుకుంటే అది ఏం రక్షణ?

చట్టం ఏమంటుందో కూడా చూడాలె. 2002 జీవవైవిధ్య చట్టం ఊరూరా కమిటీలు వేసి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయమంది. మంచి మాటే. కానీ 2023 సవరణ గ్రంథాలకెక్కిన సంప్రదాయ విజ్ఞానం వాడుకునేవాళ్ళకు ప్రయోజనాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ గ్రంథాలు రాసిందెవరు, చదువుకు దూరం పెట్టబడిందెవరు? గ్రంథంలోకి ఆ మొక్క ఎవరి నోటినుంచి ఎక్కిందనే ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

వేరే దారి లేదా అంటే, మన పక్కనే ఉంది. 1983లో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలో ఎక్కువమంది దళిత ఆడోళ్ళే. పాత విత్తనాలు దాచుకున్నారు, నాటని కూరలకు విలువ కట్టారు, కెమెరా పట్టి తమ సినిమాలు తామే తీశారు. 2008లో సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇక్కడ చూపించినామె, రాసినామె ఒక్కరే అయ్యారు. అదీ తేడా.

అయితే మనలో మనం ఒక మాట అనుకోవాలె. కలుపుకూరల తెలివి చాలాసార్లు ఆకలి నేర్పిన తెలివి. దాన్ని పొగిడి పొగిడి దళితులను గట్లమీదనే కాపలా పెట్టడం కూడా ఒక కుట్రే. మన పిల్లకు దొగ్గలికూర తెలియాలె, దాని శాస్త్రీయ నామం కూడా తెలియాలె, సూక్ష్మదర్శిని కూడా ఆమె చేతిలో ఉండాలె. తలశ్శేరిలో తీయ కులంలో పుట్టిన జానకీ అమ్మాళ్ 1930లలో అదే కోయంబత్తూరులో ఈ రెల్లు కణాలనే పరిశీలించింది. అడ్డంకులు దాటి పోయిన మనిషి ఆమె. ఒక్కరు పోయిన దారి వందమందికి బాట కావాలె.

కాబట్టి ఔత్సాహికులకు, టీచర్లకు, మన విద్యార్థులకు చెప్పేది ఇంతే. నోటుబుక్కులో నాలుగు గడులు పెంచండి. ఎవరు చూపించారు, ఏమని పిలిచారు, ఆ చోటు ఎవరి కింద ఉంది, ఈ సంగతి రాయడానికి వాళ్ళు ఒప్పుకున్నారా. ఊరి రిజిస్టర్‌లో సంతకం పెట్టేముందు దళితవాడలో చదివి వినిపించమని కార్యకర్తలు పట్టుబట్టాలె. గట్టు, చెరువు శిఖం, పోరంబోకు ఎవరి కబ్జాలోకి పోతున్నాయో కూడా సీతాకోకచిలుక పక్కనే రాయాలె. నేల పోయినంక పురుగు ఫోటో ఉండి ఏం లాభం?

వచ్చే ఏడు కూడా కాకి చెరుకు పూస్తది. దాని ఫోటో కింద ఎన్ని పేర్లు ఉంటాయో చూద్దాం.