మొగ దాటే జంట

ఇద్దరే మనుషులు తెరచాప మీద సముద్రం దాటితే అది పత్రికలకి వార్త. 2024 అక్టోబరు 2న గోవాలో బయల్దేరిన నౌకాదళ అధికారిణులు దిల్నా, రూప ‘తారిణి’ మీద భూగోళం చుట్టి 2025 మే 29న తిరిగొచ్చారు. అంతకుముందు 2017-18లో అదే పడవ మీద ఆరుగురు ఆడవాళ్లు ప్రపంచం చుట్టి వస్తే, వాళ్లలో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారని మనం పొంగిపోయాం. పొంగిపోవాల్సిందే. అయితే గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర ఆలుమగలిద్దరే ఒక నావని నడుపుకుంటూ బతకడం తరాల నాటి సంగతి. దాన్నెవరూ సాహసమనలేదు, వాళ్లతో సహా.

కోనసీమ చివర మడ అడవుల మధ్య పాయల్లో తిరిగే ఈ చెక్క నావకి అడుగు బల్లపరుపు. లోతు లేనిచోటా తేలుతుంది, పాటుకి నీరు తీసి బురదలో కూర్చున్నా ఒరిగిపోదు. మత్స్యశాఖ పుస్తకాల్లో ‘షూ దోని’ అని రాసుకున్నది ఈ రకాన్నే. కోరంగి వైపు కొన్ని కుటుంబాలకి నావే ఇల్లు. మంచినీళ్ల బిందె, పొయ్యి, వల, పిల్లాడు, అన్నీ అందులోనే. తెరచాపకి ఒకప్పుడు నూలుగుడ్డ; తర్వాత టార్పాలిను, కుట్టి అతికిన ఎరువుల సంచులు. గాలికి ఏదైనా ఒకటే.

బల్లపరుపు అడుగుతో ఒక చిక్కుంది. ఎదురుగాలికి నావ ముందుకి పోదు, పక్కకి జారిపోతుంది. కాబట్టి ఎదురెళ్లడం మానేసి లంగరేసి కూర్చుంటారు. నా దృష్టిలో ఈ విద్యలో సగం ఆ కూర్చోవడమే. గట్టు మీద నుంచి చూసేవాళ్లకి అది సోమరితనంలా కనబడుతుంది.

గండమంతా మొగ దగ్గర. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర, గౌతమి ఇంకా తూర్పుకి పోయి సముద్రంలో కలుస్తాయి. నది తెచ్చిన ఇసుకని కెరటం వెనక్కి తోస్తుంది గనక మొగకి అడ్డంగా నీళ్ల కింద మేట ఉంటుంది. శ్రావణ భాద్రపదాల వరద తీశాక అది పోయినేడున్న చోట ఉండదు. అందుకే ముందు నావ ఆపి చూస్తారు. కెరటం విరిగి తెల్లగా నురగ కక్కేచోట లోతు లేనట్టు. రెండు తెల్లచారల నడుమ నీరు నల్లగా, విరక్కుండా లేచి పడుతుంటే అదే దారి. గెడ దించి అడుగు తగులుతుందేమో చూసుకుంటారు. పోటు పూర్తిగా ఎక్కి నీరు నిలబడిన ఆ కాసేపట్లోనే బయటికి వెళ్లిపోవాలి. పాటు జోరుగా దిగుతున్నప్పుడు వెళ్తే, బయటికి ఉరికే నదీ లోపలికొచ్చే కెరటమూ ఢీకొని నీరు గోడలా లేస్తుంది. చిన్న నావలు తిరగబడేది అప్పుడే. కెరటానికి అణియమే, అంటే నావ ముందు కొసే చూపించాలి, పక్క చూపించకూడదు. వెనక అమరం దగ్గర చుక్కాని ఆవిడది. తెరచాప తాడు ఆయనది. “మావా, నీరు తిరిగింది, తాడొదులు!” అని ఆవిడ అరిస్తే, ఎందుకని అడిగే వ్యవధి ఉండదు.

పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పంచాంగం లెక్కలో రెండు గడియలు. పాడ్యమి నాటి వేళ తెలిస్తే పంచమి నాటిది వేళ్ల మీద కట్టేయొచ్చు. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కుతుంది, అష్టమి నవమిలకి సన్నగిల్లుతుంది. గడియారం లేని నావ ఉంటుందేమో గాని తిథి తెలియని నావ ఉండదు. గాలిదీ ఒక వరసే: తెల్లవారుజామున నేల మీది గాలి బయటికి తోస్తుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి ఇంటికి తెస్తుంది.

దూరం వెళ్లాలంటే నెలలు లెక్కలోకొస్తాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట నీటి లాగుడు ఈశాన్యానికి, అంటే అంతర్వేది నుంచి కాకినాడ వైపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అదే నీరు కిందికి లాగుతుంది. బయటి దారిన శాక్రమెంటో లైటుహౌసు చుట్టి, హోప్ ఐలాండు దాటి పోతే వంద కిలోమీటర్ల పైచిలుకు. సముద్రం బాగోలేకపోతే గౌతమి నుంచి కోరంగి పాయల్లోకి తిరిగి, పోటుకి కొంత, పాటుకి కొంత, లోపల లోపలే కాకినాడ చేరొచ్చు. రాత్రి లంగరేసినా ఇద్దరూ ఒక్కసారి నిద్రపోరు. తాడు జారితే నావ ఎక్కడ తేలుతుందో చెప్పలేం. తారిణిలో వంతులవారీ కాపలాకీ దీనికీ పెద్ద తేడా లేదు, ఇక్కడ చంటిపిల్ల ఏడుపు అదనం.

ఇంజను వచ్చాక ఆగాల్సిన పని తగ్గింది. దాన్ని తప్పుపట్టను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చినప్పుడు వేటకెళ్లి తిరిగిరానివాళ్లెందరో. ఒడ్డుకి త్వరగా చేర్చేది ఏదైనా మేలే. ఇప్పుడు కెరటం ఎత్తు, గాలి వేగం హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి ఫోనుకే వస్తున్నాయి. మొగలో మేట ఈ వారం ఎటు జరిగిందో మాత్రం ఇప్పటికీ గెడతోనే చూసుకోవాలి.

డీజిలు ఖర్చు పక్కన పెడితే, తెరచాపకి చట్టంలోనూ ఒక వెసులుబాటు ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం మరబోట్లకీ ఇంజను పడవలకీ. ఇంజను లేని నాటు నావకి కాదు.