వైద్యరచనలలో రోగి కథ: పేరు దాచినంత మాత్రమున మనిషి దాగునా?

వైద్యశాస్త్రమునకు మూలము రోగి మాట. "ఎన్నాళ్లనుండి ఈ బాధ?" అని వైద్యుడు అడిగినపుడు రోగి చెప్పు సమాధానముతోనే ఆ శాస్త్రము ఆరంభమగుచున్నది. ఒక వైద్యుడు తాను చూచిన రోగి వృత్తాంతమును ప్రకటించినచో, దూరదేశమున వేరొకడు దానిని చదివి తన యెదుట నున్న రోగి జబ్బును గుర్తింపగలడు. కావున రోగి కథలను వ్రాయరాదనుట అవివేకము. కాని ఆ కథ ఎవరి సొత్తు? విన్నవాడు దానిని చికిత్స నిమిత్తము విన్నాడు. చెప్పినవాడు లోకమునకు చెప్పుచున్నానని తలపలేదు. ఈ రెండు ధర్మముల నడుమ వైద్యరచయిత ఎట్లు నడచుకొనవలె ననునదియే ఈ వ్యాసమున నేను విమర్శింపదలచిన విషయము. నేను వైద్యుడను కాను, తెలుగు ఉపాధ్యాయుడను. అయినను కథ చెప్పు విధమును పరిశీలించుట మా వృత్తిలోని పనియే గనుక ఈ సాహసము చేయుచున్నాను.

ఈ చింత ప్రాచీనమైనదే. చరకసంహిత విమానస్థానము 8వ అధ్యాయమున గురువు శిష్యునకు విధించు నియమములలో, రోగి యింట తెలిసిన సంగతులను వెలుపల పొక్కనీయరాదని కలదు. గ్రీకుదేశపు హిపొక్రటీసు పేర వెలసిన ప్రమాణమునను ఇట్టి మాటయే కలదు. అయితే వారి నియమము ప్రధానముగ నోటిమాటకు సంబంధించినది. నోటిమాట నాలుగు వీధులు దాటిన పిదప మారిపోవును, కొన్నాళ్లకు మరుగున పడును. అచ్చయిన మాట అట్లు పోదు. అందుచేత ఆధునికులు ఒక ఉపాయము కనిపెట్టిరి: పేరు తీసివేసి కథను ఉంచుట. ఈ ఉపాయము ఎంతవరకు చెల్లినదో చూతము.

1895లో వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి ప్రకటించిన హిస్టీరియా గ్రంథమున మొదటి రోగిణి పేరు "అన్నా ఓ." ఆమె అసలు పేరులోని రెండు పొడియక్షరములకు వర్ణక్రమమున ముందున్న అక్షరములను తీసికొని ఈ మారుపేరు కల్పించిరి. తలుపునకు తాళము వేసి, చెవిని గుమ్మముమీదనే ఉంచినట్లున్నది ఈ దాపరికము. 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్ర వ్రాసిన ఎర్నెస్ట్ జోన్స్ ఆమె అసలు పేరు బయటపెట్టెను. అప్పటికి ఆమె మరణించి 17 సంవత్సరములు. ఆమె తన జీవితకాలమున స్త్రీసంక్షేమకార్యములలో పేరుపొందిన వ్యక్తి. ఆ కీర్తిమీదికి యౌవనమందలి రోగశయ్యను తెచ్చి పరచిరి. వలదనుటకు ఆమె లేదు.

1905లో ఫ్రాయిడ్ ప్రకటించిన "డోరా" వృత్తాంతము మరింత ఆలోచింపదగినది. దాని పీఠికలో ఆయన గోప్యతను గూర్చి నిష్కపటముగనే చర్చించెను. తమ మాటలు అచ్చగునని తెలిసినచో రోగులు నోరు విప్పరనియు, అనుమతి అడుగుట నిరర్థకమనియు ఆయన వాదము. అందుచే వియన్నాకు దూరమైన ఊర జీవితము గడపిన రోగిని ఎన్నుకొంటిననియు, కొన్నేండ్లు ఆగితిననియు, వైద్యులు మాత్రమే చదువు పత్రికకు ఇచ్చితిననియు చెప్పుకొనెను. ఈ వాదములో లోపమెచ్చట? దాచుటకు పడిన శ్రమయంతయు అపరిచిత పాఠకుని ఉద్దేశించి పడినది. కథలో తండ్రి, తల్లి, కుటుంబమిత్రులైన దంపతులు, వారి నడుమ చిక్కులు అన్నియు ఉండనే యున్నవి. ఆ యింటిని ఎరిగినవానికి నాలుగు పుటలు చాలును. అపరిచితునకు పేరు తెలిసినను రోగికి కలుగు హాని స్వల్పము. పరిచితునకు పేరుతో పనియే లేదు. రోగి కథకు అసలు పాఠకుడు పొరుగువాడు. గోప్యతను అతని కంటితో కొలువవలెను.

ఈ సంగతి నాకు తెలిసినది నేను చేసిన తప్పువలన. కొన్ని సంవత్సరముల క్రిందట మా విద్యార్థి యొకడు "మా అమ్మ" అను వ్యాసమున తల్లి జబ్బును, ఆ యింట గడచిన రాత్రులను వ్రాసెను. పిల్లవాని తెలుగు చూచి మురిసిపోయి, పేరు తీసివేసి, "ఒక విద్యార్థి" అని వ్రాసి, గోడపత్రికలో అంటించితిని. కాలనీలో కుళాయి ప్రక్క యిల్లు, గనిలో రాత్రి షిఫ్టునకు పోవు తండ్రి, పెండ్లికెదిగిన అక్క అట్లే ఉండిపోయిరి. వారము దినములలో ఆ తల్లి బడికి వచ్చినది. కోపపడలేదు. "పేరు రాయలే గని సారూ, మా ఇల్లు రాసిన్రు" అన్నది. ఆ యేడు ఆ పిల్లకు వచ్చిన సంబంధము వెనుకకు పోయినది. కారణము గోడపత్రికయే అని ఎవరును అనలేదు. కాదని నేనును అనలేను.

ఇపుడు మన దేశపు నియమమును పరిశీలింతము. భారత వైద్యమండలి 2002లో ప్రకటించిన వృత్తిధర్మ నియమావళి 7.14 ప్రకారము వైద్యుడు వృత్తిలో తెలిసికొన్న రహస్యమును న్యాయస్థానపు ఆజ్ఞ, ఇతరులకు తీవ్రమైన అపాయము, ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధి అను సందర్భములలో తప్ప వెల్లడింపరాదు. 7.17 ప్రకారము గుర్తు తెలియునట్లు రోగి ఛాయాచిత్రమును గాని వృత్తాంతమును గాని అతని అనుమతి లేక ప్రచురింపరాదు. గుర్తు తెలియనిచో అనుమతి అవసరము లేదు. 2023 ఆగస్టులో క్రొత్త నియమములు వెలువడి, ఆ నెలలోనే నిలుపుదల కాగా, ఈ 2002 నాటివే మరల అమలునకు వచ్చినవి. వీని ఉద్దేశము మంచిదే. కాని "గుర్తు తెలియనిచో" అను మాటను నిర్ణయించువాడు ఎవడు? వ్రాసిన వైద్యుడే. తనకు తెలియని పొరుగువాని చూపును అతడెట్లు ఊహింపగలడు?

న్యాయస్థానములును ఈ చిక్కునకు అతీతములు కావు. 1998లో సుప్రీంకోర్టు ఒక హెచ్.ఐ.వి. రోగి వ్యాజ్యమున తీర్పు చెప్పినది. వివాహము నిశ్చయమైన కన్య ఆరోగ్యము దృష్ట్యా, రోగి గోప్యతాహక్కు నిరపేక్షము కాదని నిర్ణయించినది. వాదికి "ఎక్స్" అని, ఆసుపత్రికి "జడ్" అని పేరులు పెట్టినది. కాని "ఎక్స్" వృత్తి యేమి, ఏ రాష్ట్రమున కొలువు చేసెను అను సంగతులు ఆ తీర్పులోనే కలవు. వానిని నేనిచట మరల వ్రాయను. పేరు స్థానమున ఒక అక్షరము నిలిచినది. మనిషి అట్లే కనబడుచున్నాడు.

మా చంద్రపూర్ ప్రాంతమున ఈ సమస్య మరింత సూక్ష్మమైనది. బల్లార్పూర్ కాగితపు మిల్లు, బొగ్గుగనులు తెలుగువారిని ఈ వైపునకు రప్పించినవి. 1956కు పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండిన రాజురాలో తెలుగు ఏనాటినుండియో కలదు. మావి చిన్న వాడలు. ఎవరింట ఏమి వండిరో ప్రక్కింట తెలియును. మరాఠీ రాని తెలుగు తల్లి వైద్యునివద్దకు పోవునపుడు వెంట దుబాసీగా పోవునది పొరుగింటామె, లేదా బడికి పోవు కొడుకు. కథ కాగితమెక్కక ముందే గోప్యత సగము పోయినది. ఈ అడవి తాలూకాలలో ఎక్కువగా కనబడు సికిల్‌సెల్ వ్యాధిని తలపుడు. అది తల్లినుండియు తండ్రినుండియు లోపముగల జన్యువు వచ్చినపుడే బిడ్డకు కలుగును. ఒక బాలుని కథ వ్రాసినచో తలిదండ్రుల రక్తమును, తోబుట్టువుల పెండ్లిని కూడ వ్రాసినట్లే. కుష్ఠువ్యాధి సంగతియు నిట్టిదే. ఈ జిల్లాలోని వరోరా వద్ద బాబా ఆమ్టే స్థాపించిన ఆనందవనము ఎందరికో నీడనిచ్చినది. అయినను "ఆనందవనములో ఉండి వచ్చినవాడు" అన్న మాటతోనే లోకము జబ్బు పేరు చెప్పుకొనును. 2019లో చట్టము సవరింపబడువరకు ఆ వ్యాధి హిందూ వివాహమున విడాకులకు కారణముగ నుండెను. కథ పొక్కినందువలన కాపురమే పోగలిగిన కాలమది.

మరి రోగి కథను ఎట్లు వ్రాయవలెను? మా పొరుగుననున్న గడ్చిరోలి జిల్లాలోనే రెండు మార్గములు కనబడుచున్నవి. డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ తమ సహచరులతో 1989 జనవరిలో లాన్సెట్ పత్రికలో రెండు పల్లెలకు చెందిన 650 మంది స్త్రీల ఆరోగ్యమును గూర్చి వ్రాసిరి. నూటికి 92 మందికి స్త్రీసంబంధ వ్యాధి యేదో ఒకటి కలదనియు, అంతకుముందు అట్టి పరీక్ష జరిగినవారు నూటికి 8 మందే అనియు అందు తేలినది. చెప్పుకొనుటకు సిగ్గుపడు బాధ అది. 650 గొంతులను ఒక్కటి చేయుటచే లోకము విన్నది; ఏ యొక్క స్త్రీయు వేలు చూపింపబడలేదు. ఇది లెక్కల మార్గము. 1995లో, తన 44వ ఏట, అభయ్ బంగ్‌కే గుండెపోటు వచ్చినది. ఆయన ఆ అనుభవమును మరాఠీలో గ్రంథముగ వ్రాసెను. అచట రోగియు రచయితయు ఒక్కరే. అనుమతి ప్రశ్నయే లేదు. ఇది ఆత్మకథా మార్గము.

కాని లెక్కలలో ఒక మనిషి బాధ వినబడదు. రోగులందరు రచయితలు కారు. మిగిలిన చోట కొందరు వివరములు మార్చి వ్రాయుదురు. వయస్సును, వృత్తిని, ఊరిని మార్చిన కథ భద్రమే గాని, ఆ వయస్సే, ఆ వృత్తియే జబ్బునకు మూలమైనచో శాస్త్రము అబద్ధమగును. బొగ్గుగని కార్మికుని ఊపిరితిత్తుల జబ్బును గుమాస్తాకు అంటగట్టిన ఏమి ప్రయోజనము? వైద్యపత్రికా సంపాదకుల అంతర్జాతీయ సమితి ఈ కారణముననే మార్పులు శాస్త్రార్థమును చెడగొట్టరాదని చెప్పినది. ఛాయాచిత్రమున కన్నులకు నల్లపట్టీ వేసినంత మాత్రమున గోప్యత దక్కదనియు, గుర్తింపదగిన రోగికి వ్రాతప్రతిని చూపి అనుమతి పొందవలెననియు ఆ సమితి సూచన. నాకు ఇదియే సరియైన మార్గమని తోచుచున్నది. అయితే చూపినంత మాత్రమున చాలదు. ఆంగ్లప్రతిపై వేలిముద్ర వేయించుకొనుట అనుమతి కానేరదు. రోగి భాషలో, రోగి వినునట్లు చదివి వినిపింపవలెను. "ఇది తీసివేయుడు" అనుటకు అతనికి అధికారముండవలెను.

అడిగినచో రోగులు ఒప్పుకొనరని ఫ్రాయిడ్ భయపడెను. నా చిన్న అనుభవము వేరు. ఈ వ్యాసమున ఆ తల్లి ప్రస్తావన చేయుటకు ముందు వారి యింటికి పోయి, వ్రాసిన భాగమును ఆమెకు చదివి వినిపించితిని. ఆమె రెండు షరతులు పెట్టినది: జబ్బు పేరు వ్రాయరాదు, ఒక వాక్యము తీసివేయవలెను. "మిగిలింది రాయుండ్రి సారూ, ఇంకొకల ఇల్లు నిలుస్తది" అన్నది. జబ్బు పేరు వ్రాయలేదు. ఆ వాక్యమును తీసివేసితిని. అందువలన వ్యాసమునకు కలిగిన నష్టమేమియు లేదు.

మన తెలుగు సంఘములవారు ఆసుపత్రులకు దుబాసీలుగా పోవుచున్నారు, వైద్యశిబిరములు నడుపుచున్నారు, వాని నివేదికలను సంచికలలో అచ్చు వేయుచున్నారు. ఆ నివేదికలలో ఒక్క రోగి కథ చేరినను, అచ్చునకు ముందు దానిని ఆ రోగికి తెలుగున చదివి వినిపించు పని మనము చేపట్టవచ్చును. ఇందు దోషములున్న విజ్ఞులు తెలుపుదురు గాక.